ముప్పై రెండు జీబీ వేసినా ఆగిన కారు

రేసు కారు ఆటకు ల్యాప్‌టాప్‌లో ఎంత మెమరీ ఉండాలని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎనిమిది జీబీ ఉంటే ఆట తెరుచుకుంటుంది గానీ ప్రతి మలుపులోనూ మూలుగుతుంది. పదహారు ఉంటే హాయిగా ఆడుకోవచ్చు. ముప్పై రెండు ఉంటే ఆడుకోవడంతో పాటు పక్కవాడి దగ్గర గొప్పలు కూడా చెప్పుకోవచ్చు. బెంగళూరు దగ్గరి చింతామణిలో ఒక కంప్యూటర్ల అంగట్లో సర్వీసు బల్ల ముందు కూర్చుని, రిటైరయ్యేదాకా ఈ నాలుగు ముక్కలే అప్పజెప్పాను. ఇప్పుడు అలాంటి బల్లల ముందు కూర్చుంటున్న పిల్లలు కూడా ఇదే చెబుతుంటారు. చెప్పండి, తప్పేమీ లేదు. కానీ ఈ జవాబు పట్టుకుని ఒక ఇంటికి వెళ్ళి, అక్కడ నోరు తెరుచుకుని నిలబడిపోయిన రోజు ఒకటి నాకుంది. ఆ దిగ్భ్రమ నుంచి ఈనాటికీ పూర్తిగా తేరుకోలేదు.

మా అంగట్లో ముగ్గురమే. గల్లా దగ్గర యజమాని. ఊళ్ళో అందరూ సావుకారు అనేవారు. వాళ్ళ తాత అదే చోట బెల్లమూ శనగలూ అమ్మేవాడట, అందుకేనేమో ఈయన కూడా ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఒకసారి చేత్తో ఎత్తి బరువు చూసి మరీ ఇచ్చేవాడు. సరుకు చూపించడానికి ఒక సేల్స్ మనిషి. నోరు మూసుకుని ఉండమంటే అతనికి జ్వరం వచ్చేది. విప్పడానికీ బిగించడానికీ నేను. ఎవరి మెషిన్ నెమ్మదించినా మాకు మొదట గుర్తొచ్చేది మెమరీయే. తలనొప్పి అన్నా, కడుపునొప్పి అన్నా ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు ఉంటాడు చూడండి, మేమూ ఆ కోవలోని వాళ్ళమే.

ఒక ఉదయం కెంచార్లహళ్ళి వైపు నుంచి వచ్చే బస్సు దిగి ఒకామె లోపలికి వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ఉతికిన తువ్వాలులో ల్యాప్‌టాప్ చుట్టి తెచ్చింది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, పైట సర్దుకుని అడిగింది.

“ఏమప్పా, ఈ కారు రేసు ఆటకి ఎంత మెమరీ కావల్ల?”

నేను జవాబు చెప్పేలోపే సేల్స్ మనిషి అందుకున్నాడు. “మనవడు ఆడతాడామ్మా? చదువుకోరా అని రెండు తగిలించేది మాని, మెమరీ వేయిస్తారా?”

“మనవడు యాడుండాడప్పా, ఇంకా పుట్టనేలేదు. ఆడేది మా కోడలు.”

మేము ముగ్గురమూ మొహాలు చూసుకున్నాం. కోడలి మీద ఫిర్యాదులు చెప్పుకునే అత్తల్ని చూశాం. కోడలు ఫోన్ పట్టుకు కూర్చుంటోందని మా ముందే తిట్టిన అత్తల్నీ చూశాం. కోడలు కార్లు తిప్పుకోవడానికి మెమరీ కొందామని బస్సెక్కి వచ్చిన అత్త మాత్రం మా అంగడి చరిత్రలో లేదు. సావుకారు గల్లా పెట్టె మూసి మరీ వినడానికి లేచి వచ్చాడు.

“ఊరికే ఆడేది కాదప్పా,” అంది ఆమె మా మొహాలు చూసి. “అది ఆ పాప ఉద్యోగం.”

అసలైన షాక్ అప్పుడు తగిలింది. కోడలు చిక్కబళ్ళాపురంలో బీసీఏ చదివిందట. బెంగళూరులో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందట. ఆట బజారులోకి రాకముందే ఎవరైనా దాన్ని ఆడి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో రాసి పంపాలట. ఆ పనికి ఈ అమ్మాయిని కొన్నాళ్ళపాటు పరీక్షగా తీసుకున్నారు, ఇంట్లోంచే చేయాలి. గడువు చివర్లో ఒక రోజు రెండు గంటలు ఏకబిగిన ఆడాలి, బెంగళూరులో వాళ్ళు చూస్తుంటారు. సరిగా జరిగితే ఉద్యోగం, లేకపోతే లేదు. ఇప్పుడేమో ఆట మధ్యలో కారు నిలిచి నిలిచి పోతోంది. తప్పు మా ఆటలో కాదు, మీ మెషిన్లో ఉంది, మెమరీ పెంచుకోండి అంటున్నారు కంపెనీ వాళ్ళు.

“మా ఇంటాయన మొదుట్నించీ ఒప్పలేదు,” అంది గొంతు తగ్గించి. “ఇంటి కోడలు కార్లు తిప్పేది ఒక ఉద్యోగమా, నలుగురు వింటే నవ్వుతారు అనె. నేనే కొట్లాడి ఒప్పిస్తిని. ఇది గన పోతే, ఇంక ఆ పాప జన్మకి ఉద్యోగం అనే మాట ఎత్తనీడు. కొడుకు బాగేపల్లిలో పనికి పోతాడు, ఆదివారం వస్తాడు. వాడు నాయన ముందర నోరు తెరవడు. ఎట్లన్నా చేసి దీన్ని నిలవకుండా చెయ్యప్పా.”

అందులో ఎనిమిది ఉంటే పదహారు చేసి పంపాను. ఆమె వెళ్ళగానే సేల్స్ మనిషి నవ్వాపుకోలేకపోయాడు. ఎవడో ఆ అమ్మాయికి టోపీ పెట్టాడన్నాడు. ఆడుకుంటే జీతం ఇచ్చే కంపెనీ ఉంటే మన ఊళ్ళో నిరుద్యోగం ఎందుకుంటుందన్నాడు సావుకారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. అదే తువ్వాలు, అదే ల్యాప్‌టాప్.

“ఇంకా నిలుస్తాండాదప్పా.”

పదహారుతో ఆ ఆట ఆగడానికి వీల్లేదు. ఆ మాటే గట్టిగా అన్నాను. ఆమె తువ్వాలు మడత పెట్టుకుంటూ అక్కడే నిలబడింది. నాకు పౌరుషం వచ్చింది. చిక్కబళ్ళాపురం నుంచి తెప్పించి ముప్పై రెండు వేశాను. దీనితో మీ కోడలు ఒకటి కాదు, రెండు ఆటలు ఒకేసారి ఆడుకోవచ్చు పొమ్మన్నాను. ఆమె మొహం వికసించింది. చల్లగా ఉండప్పా అని దీవించి వెళ్ళింది.

మూడోసారి ఆమె గుమ్మంలో కనబడగానే నేను చేతిలో పని పక్కన పెట్టేశాను. ఈసారి కోడలికి చెప్పకుండా వచ్చిందట. ఆ అమ్మాయి ఇంక వద్దులే అత్తా అంటున్నా వినకుండా, కోడలు పుట్టింటికి మండికల్ వెళ్ళిన రోజు చూసి తెచ్చింది. “శుక్రవారమే పరీక్ష,” అంది. “ఆ పాప మొహంలో నవ్వు లేదప్పా. నాకు నిద్ర రాలేదు.”

వెంటనే ఆట పెట్టించాను. సేల్స్ మనిషికి ఇంతకంటే పండగ ఏముంది, టీ వేళ కూర్చున్నవాడు భోజనం వేళకు గానీ లేవలేదు. గోడలకు గుద్దాడు, గుట్టలెక్కించాడు, వానలో తిప్పాడు. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. నేను పక్కనే కళ్ళప్పగించి చూస్తున్నాను. సావుకారు మీ ఊళ్ళో కరెంటు సరిగా ఉండదేమో అన్నాడు. దిష్టి తగిలిందేమో, ఒక నిమ్మకాయ కట్టండి అన్నాడు సేల్స్ మనిషి. నాకు ఒళ్ళు మండింది. నెట్ అయ్యుంటుందని నేనన్నాను గానీ, ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

“ఈడ ఆడతాది, ఆడ ఆడదు,” అంది ఆమె. “నీ మిషనుకి మా ఊరంటే ఏమన్నా కోపమా అప్పా?”

శుక్రవారం పొద్దున్నే నేనే మీ ఇంటికి వచ్చి చూస్తానని చెప్పాను. సావుకారు కనుబొమలెగరేశాడు. మేము ఇళ్ళకు వెళ్ళి సర్వీసు చేసే అంగడి కాదు.

వాళ్ళది ముందు హాలులాంటి పెద్ద పడసాల, వెనక పట్టుపురుగుల షెడ్డు ఉన్న రైతుల ఇల్లు. పడసాలలో ఇంటాయన కుర్చీలో కూర్చుని, టీవీ మోగుతుండగా పేపరు చదువుతున్నాడు. నేనెవరో చెబితే తలెత్తకుండానే, “ఆ కార్ల యవ్వారమా? షెడ్డులో ఉండారు, పో,” అన్నాడు.

షెడ్డు గుమ్మంలో అత్త నన్ను ఆపేసింది.

“బీడీ తాగినావా?”

“నాకు అలవాటు లేదమ్మా.”

“సెంటు గింటు పూసుకోలేదు గదా?”

లేదన్నాను. అయినా చెప్పులు బయట విడిపించి, కాళ్ళూ చేతులూ కడిగించింది. పట్టుపురుగు అంత నాజూకు. ఘాటు తగిలినా, వేడి తగిలినా, గాలి తగిలినా తిండి మానేస్తుంది. అప్పుడు అవి గూడు కట్టడానికి దగ్గరపడ్డాయి. ఇరుపక్కలా అరల నిండా పురుగులు, అవి ఆకు నమిలే చప్పుడు సన్నటి జల్లులా వినిపిస్తోంది. ఆ రెండు వరసల మధ్య ఇరుకు దారిలో ఒక చిన్న బల్ల, బల్ల మీద ఆ ల్యాప్‌టాప్, చెవులు రెండూ మూసే పెద్ద హెడ్‌సెట్ పెట్టుకుని ఆ కోడలు. సన్నగా ఉంది, చేతికి ఆకు పసరు అంటుకుని ఉంది. నన్ను చూసి హెడ్‌సెట్ తీసి లేచింది.

“ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా?” అని అడిగాను.

“పడసాలలో మామ ఉంటాడు సార్. వచ్చేపొయ్యేవాళ్ళు చూస్తారంట. ఈడైతే అత్తకి తోడుగా కూడా ఉంటాను.”

పరీక్షకు ఇంకా సమయముంది. రోజూ ఎలా ఆడతావో అలాగే ఆడమన్నాను. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని మొదలుపెట్టింది. కారు వెన్నలా సాగిపోతోంది. నెట్ చూశాను, బాగుంది. కరెంటు చూశాను, బాగుంది. ఇంక నిమ్మకాయే గతి అనుకుంటున్నాను.

అత్త అటువైపు నుంచి వచ్చింది. బకెట్లో నానుతున్న గోనెపట్ట తీసి, పిండి, నాలుగు మడతలు పెట్టి, ల్యాప్‌టాప్ వెనక భాగానికి సందు లేకుండా అదిమి పెట్టింది. పెట్టి, ఏమీ జరగనట్టు ఆకు వేయడానికి అరల వైపు తిరిగింది.

నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళకు కనబడుతోంది గానీ బుర్రకు ఎక్కడం లేదు. మెల్లగా బల్ల దగ్గరికి వెళ్ళి మెషిన్ పక్కన చెయ్యి పెట్టాను. కాలింది. లోపల ఫ్యాన్ ఊపిరాడక గీపెడుతోంది. ఆ పిల్లకు చెవులు మూసి ఉన్నాయి, వినబడదు. ఇంకాసేపటికి తెర మీద కారు నిలిచింది. ఎగిరి ముందుకు పడింది. మళ్ళీ నిలిచింది.

“అమ్మా,” అన్నాను. “ఏం చేస్తాండారమ్మా?”

“దాని ఎనకాల నుంచి వేడిగాలి కొడతాదప్పా. పురుగులకి తగిలితే పాడైపోవా? అందుకే పట్ట అడ్డం పెడతాను. దినామూ పెట్టేదే. ఆట అయిపోతానే తీసేస్తాను.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేము ముగ్గురం ఎన్నాళ్ళు వెతికాం! ల్యాప్‌టాప్ వేడిని బయటికి వదలాలి. వదిలే దారి మూసేస్తే, కాలిపోకుండా ఉండటానికి తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఎనిమిది జీబీ ఉన్నా, ముప్పై రెండు ఉన్నా, ఇంకో అరవై వేసినా అంతే. మా అంగడికి తెచ్చేటప్పుడు పట్ట తీసేసి, శుభ్రంగా తుడిచి, ఉతికిన తువ్వాలులో చుట్టి తెస్తుంది. మా దగ్గర అది పరుగెత్తక ఏం చేస్తుంది? నిలవకుండా చెయ్యమని మూడుసార్లు బస్సెక్కి వచ్చిన మనిషే రోజూ తన చేత్తో దాన్ని నిలుపుతోంది.

నాకు లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి మాట్లాడటం రాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నమ్మలేదు. నవ్వింది కూడా.

“ఏమప్పా, ఒక తడిపట్టకి అంత మిషను నిలిచిపోతాదా? నీ మెమరీ బాగలేదని ఒప్పుకోకుండా నా పట్ట మీదకి తోస్తాండావు.” కోడలి భుజం తట్టి హెడ్‌సెట్ తీయించింది. “ఏమ్మా, పట్ట పెడితే నిలిచిపోతాదంటాండాడు ఈయప్ప. నిజమేనా?”

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు.

“లేదత్తా. పట్టకి ఏం కాదు. మిషన్లోనే ఏదో ఉండాది.”

నాకు దిమ్మ తిరిగిపోయింది. బీసీఏ చదివిన పిల్ల! ఫ్యాన్ దారి మూస్తే ఏమవుతుందో మొదటి సంవత్సరంలోనే తెలియాలి. అత్త నా వైపు గెలిచినట్టు చూసి, ఇంకో గంప ఆకు తేవడానికి బయటికి వెళ్ళింది. నేను ఆగలేకపోయాను.

“నీకు నిజంగా తెలీదా అమ్మా?”

“తెలుసు సార్,” అంది నెమ్మదిగా. “మీరు ముప్పై రెండు వేసి పంపినాక ఒక దినం ఎనకాల చెయ్యి పెడితే పట్ట తగిలింది.”

“మరి చెప్పొద్దా!”

“ఎట్ల చెప్పేది సార్? నా కోసం మామతో కొట్లాడింది అత్త. నా కోసం బస్సుల్లో తిరిగింది అత్త. నీ వల్లనే చెడిపోయిందని ఆయమ్మకి నా నోటితో చెప్పేదా? పైగా ఈ పురుగులు కూడా ఆయమ్మ కష్టమే. పోతే పోనీ సార్, ఇంకో ఉద్యోగం చూసుకుంటా.”

“మీ మామ చూసుకోనిస్తాడా?”

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, పట్టను కొంచెం కూడా జరపకుండా, మళ్ళీ తెర వైపు తిరిగింది. నాకు కోపం వచ్చింది. ఇంత మంచితనం కూడా ఒక రోగమే అనిపించింది. ఇంకాసేపట్లో పరీక్ష, తప్పెక్కడుందో తెలిసిన ఇద్దరం చేతులు ముడుచుకుని కూర్చున్నాం.

ఏదో అందామని వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్త. నెత్తిన గంప. ఎంతసేపటి నుంచి ఉందో, ఏం విందో తెలియదు. మొహంలో నవ్వు మాత్రం లేదు. గంప దించి, వచ్చి, పట్ట లాగి బకెట్లో పడేసింది.

“లెయ్. మిషను తీసుకో. పడసాలలోకి పద.”

“ఆడ మామ ఉండాడత్తా.”

“ఉండనీ. తప్పు ఆ గోనెపట్టదో, మెమరీదో ఈ పొద్దు తేలిపోవల్ల.”

నేను వైర్లు చుట్టుకుని వాళ్ళ వెనకే నడిచాను. ఆమె నేరుగా వెళ్ళి టీవీ ఆపింది. ఇంటాయన పేపరు దించాడు.

“లేసి వాకిట్లో కూర్చోండి,” అంది ఆమె. “కోడలికి ఉద్యోగం ఉండాది.”

ఇప్పుడు పిడుగు పడుతుందని నేను గోడకు ఆనుకున్నాను. ఆయన భార్యను చూశాడు, కోడల్ని చూశాడు, ఇదంతా నా పనే అన్నట్టు నన్నూ చూశాడు. తర్వాత పేపరు మడిచాడు.

“ఎంతసేపు?”

“రెండు గంటలు మామా,” అంది ఆ అమ్మాయి.

ఆయన కుర్చీ ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు. అంతే. నేను ఊహించిన కొట్లాట జరగలేదు. కాసేపటికి వాకిట్లో ఎవరో గట్టిగా పలకరిస్తే, “మెల్లగా మాట్లాడప్పా, లోపల పని జరుగుతాండాది,” అని ఆయన గొంతే వినబడింది. అది విని కోడలు కూడా ఒక్క క్షణం తలుపు వైపు చూసింది.

“నేను పోయి పురుగులకి ఆకు వేస్తాను. నువ్వు దగ్గరుండి చూసుకో అప్పా,” అని అత్త వెళ్ళిపోయింది.

పరీక్ష మొదలైంది. ఆట ఆడటం పని ఎలా అవుతుందో నాకు ఆ రెండు గంటల్లోనే తెలిసింది. మా సేల్స్ మనిషి గెలవడానికి ఆడేవాడు, ఈ పిల్లకు గెలవాలన్న ధ్యాసే లేదు. ఒకే గోడకు ఒకే మూల నుంచి మళ్ళీ మళ్ళీ గుద్దింది, కారు గోడలోంచి దూరి పోతుందేమో చూడటానికి. వెనక్కి తోలింది. చీకట్లో దీపాలార్పి తోలింది. వానలో ఒక వంతెన మీదకు వెళ్ళేసరికి ముందు చక్రం సిమెంటులోకి మునిగినట్టు కనబడింది. వెంటనే ఆపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఎక్కి, అది ఎప్పుడెప్పుడు మునుగుతోందో చూసి రాసుకుంది. కారు ఆగి ఆగి పోతుంటే ఇలాంటిది ఎవరి కంటికి ఆనుతుంది? ఎక్కడ నిలుస్తుందోనని నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. రెండు గంటల్లో ఒక్కసారి కూడా నిలవలేదు.

ఆట ముగిశాక బెంగళూరు నుంచి ఫోన్ వస్తే స్పీకర్లో పెట్టింది. ఆ వంతెన సంగతి ఇంతవరకు వేరెవరూ పట్టుకోలేదట. అవతలి మనిషి కన్నడంలో, “సోమవారదింద కెలసక్కె సేర్కొళ్ళి,” అన్నాడు. సోమవారం నుంచి పనిలో చేరమని. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆడుకుంటే జీతం ఇచ్చే కంపెనీ ఉంటుందా అని నవ్విన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. అత్త అరల దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. గంప దించినచోటే ఉంది, నిండుగా ఉంది. అరల్లో ఆకు అయిపోయి పురుగులు తలలెత్తి వెతుక్కుంటున్నాయి. ఇంతసేపు ఆకు ఎందుకు వేయలేదో నాకు అర్థం కాలేదు.

“నిలిచిందా?” అని అడిగింది ఇటు తిరగకుండానే.

నేను నోరు తెరిచేలోపే కోడలు చెప్పేసింది. “రెండు తూర్లు నిలిచిందత్తా. అయినా ఉద్యోగం ఇచ్చినారు. సోమవారం నుంచి.”

ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అబద్ధమెందుకు చెప్తావమ్మా? కిటికీ బయట నిలబడి మొత్తం చూసినాను. ఒక్క తూరి కూడా నిలవలేదు. ఇన్ని దినాలూ దాన్ని నిలిపింది నేనే గదా.”

కోడలు వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నేను అక్కడ ఏం చేయాలో తోచక, గంపలో ఆకు తీసుకుని, నాకు వచ్చినట్టు అరల్లో పరచడం మొదలుపెట్టాను.